పంజరం వెనుక మనిషి

1

కొన్నేళ్ళ క్రితం త్రిపురారంలో తొమ్మిదో తరగతి పిల్లలకు చిన్నయసూరి గురించి చెబుతూ, 'నీతిచంద్రిక'లోని మిత్రలాభం ఎత్తుకున్నాను. 1853లో వెలువడిన ఆ గ్రంథాన్ని తప్పించుకుని తెలుగు ఎం.ఎ. గట్టెక్కినవాడు వుండడు. తెల్లవారుజామున కాకి మేల్కొంటుంది. వలతో వస్తున్న వేటగాణ్ణి చూస్తుంది. పొద్దున్నే వీడి మొహం చూశానే అని బాధపడుతుంది. వేటగాడు నూకలు చల్లి వల పన్నుతాడు. పావురాలు దిగి చిక్కుతాయి. చిత్రగ్రీవుడు చెప్పిన ఉపాయంతో అన్నీ ఒక్కసారిగా లేచి వలతో సహా ఎగిరిపోతాయి. ఐకమత్యమే బలం అన్నాను. పిల్లలు తలలూపారు.

వెనక బెంచీ మీది పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. వాడి యింటివాళ్ళు వూరి బయట గుడారాలు వేసుకుని వుండే పిట్టలోళ్ళు. "సార్, వల కొసలకు మేకులు దిగ్గొడ్తరు. పిట్టలన్ని కలిసి లేచినా వల లేవది" అన్నాడు. తరగతి మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. "కథరా అది, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ యేడు కోతలయ్యాక వాళ్ళ గుడారాలు లేచిపోయాయి. రిజిస్టరులో వాడి పేరు యెదుట వరసగా గైర్హాజరు గుర్తులు పెట్టుకుంటూ పోయాను. చివరకు యేడాది మారింది, రిజిస్టరూ మారింది.

ఆ పిల్లవాడు చెప్పింది నిజమని తర్వాత తెలుసుకున్నాను. నేల మీద పన్నే వలను మేకులతో బిగిస్తారు. లేకపోతే పిట్టల మాట అటుంచి, గాలికే లేచిపోతుంది. అంటే వెయ్యేళ్ళకు పైగా మనం చెప్పుకుంటున్న ఒక కథలో, వల పన్నడం తెలిసినవాడి మాట యెక్కడా లేదు. ఆ వేటగాడు రోజంతా తిరిగి, వల కూడా పోగొట్టుకుని యింటికి పోయాడు. ఆ రాత్రి వాడి యింట పొయ్యి వెలిగిందా లేదా అన్నది కథకు అక్కరలేని సంగతి.

నా మాట సూటిగా చెబుతాను. తెలుగు సాహిత్యం పిట్టను దూతగా చూసింది, కథకురాలిగా చూసింది, స్వేచ్ఛకు గుర్తుగా చూసింది. పట్టి, మోసి, అమ్మే సరుకుగా మాత్రం దాదాపుగా చూడలేదు. సరుకును చూడనప్పుడు దాని వెనుక వున్న శ్రమా కనపడదు, శ్రమ చేసే మనిషీ కనపడడు. మన చట్టాలు కూడా చివరకు యిదే చూపును అలవరచుకున్నాయి. అందుకే పిట్టల అమ్మకం చరిత్ర పక్షి ప్రేమికులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. వాస్తవికత గురించి మాట్లాడే రచయితలకూ అది అవసరం.

2

మన కావ్య పరంపరకు మొదలే ఒక పిట్ట చావు. క్రౌంచ మిథునంలో ఒకదాన్ని నిషాదుడు కొట్టాడు. వాల్మీకి శోకం శ్లోకమైంది. కరుణ నుంచి కవిత్వం పుట్టిందని రెండువేల యేళ్ళుగా పాఠం చెప్పుకుంటున్నాం. ఆ శ్లోకం రూపంలో శాపమనీ, ఆ శాపం తగిలింది ఒక వేటజాతి మనిషికనీ ఆ పాఠంలో మెల్లగా దాటేస్తాం. నిషాదుడు యెందుకు కొట్టాడో ఆదికవి అడగలేదు. పిట్ట మీద కరుణ గొప్పదే. ఆ కరుణ మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయిందన్నదే నా అభ్యంతరం.

దీనికి మినహాయింపు లేకపోలేదు. భారతం శాంతిపర్వంలో కపోతం కథ వుంది. తిక్కన ద్వారా అది తెలుగుకు వచ్చింది. వానలో తడిసి, చలికి వణికి, ఆకలితో చెట్టు కింద పడిన వేటగాణ్ణి మగపావురం అతిథిగా భావిస్తుంది. నిప్పు తెచ్చి చలి కాచుకోమంటుంది. తినడానికి పెట్టేందుకు వేరే యేమీ లేక తానే మంటలో దూకుతుంది. వేటగాడి ఆకలిని, వణుకును కథలోకి తెచ్చిన అరుదైన సందర్భం యిది. అయితే పరిష్కారం మళ్ళీ వేటగాడి పశ్చాత్తాపమే. వాడు వల, పంజరం పారేసి తపస్సుకు పోతాడు. వాడికి ధర్మం దొరికింది, బతుకుతెరువు దొరకలేదు.

తెలుగు ప్రబంధాల కాలానికి వస్తే పిట్ట యింటిలోకి వచ్చి కూర్చుంది. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో చిలుక రాత్రికొక కథ చెప్పి యిల్లాలిని గడప దాటనివ్వదు. అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి'లో ఆ పని హంస చేస్తుంది. ఈ రెండు కావ్యాలూ ఆనాటి వృత్తులకు, వస్తువులకు, అలవాట్లకు గనులు. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు వీటిని తవ్వి తీశారు. కాని కథ చెప్పే ఆ చిలుక యే చెట్టు తొర్రలోంచి వచ్చింది, యెవరు యెక్కి తీశారు, యెంతకు అమ్మారు అన్న వూసు ఆ కథలకు ముఖ్యం కాదు. శ్రీమంతుల యింట్లో చిలుక వుండటం గోడకు గూడు వుండటమంత సహజంగా కనపడుతుంది.

'క్రీడాభిరామం' యింకా ఆసక్తికరం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే యిద్దరు మిత్రులు ఒకరోజు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. దారిలో కోడిపందెం చూస్తారు. టిట్టిభం అంటే తీతువుపిట్ట. ఆ వర్తకుడి పేరే పిట్ట పేరు! బజారులోని సందడిని అంత కళ్ళకు కట్టించిన కావ్యం మనకు మరొకటి లేదు. అక్కడ కోడి పౌరుషం వుంది, పందెగాళ్ళ కేకలున్నాయి. కోడి ధర లేదు, దాన్ని మేపి పెంచినవాడు లేడు. మా త్రిపురారం నుంచి పోయి కృష్ణ దాటితే పల్నాడు. నాగమ్మ, బ్రహ్మనాయుళ్ళ కోడిపందెం యుద్ధానికి దారి తీసిన కథ మా పల్లెల్లో యిప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలోనూ కోడిపుంజు రాజకీయం చేసింది కాని, కోళ్ళు సాదినవాడు మాట్లాడలేదు.

ఒకరిని తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పుకోవాలి. డిగ్రీ చదివే రోజుల్లో నేనూ పంజరంలోని చిలుక మీద వచన కవిత రాశాను. కాలేజీ సభలో చదివితే చప్పట్లు కొట్టారు. పంజరం వ్యవస్థ, చిలుక పీడిత ప్రజ, రెక్కలు విప్లవం. ఆ చిలుకను నేను చూసింది మిర్యాలగూడలో చెట్టు కింద కూర్చున్న ఒక చిలకజోస్యుడి దగ్గర. అతని చొక్కా భుజం దగ్గర చిరిగి వుంది. పొద్దుటి నుంచి బోణీ కాలేదని నాతోనే అన్నాడు. అది నా కవితలోకి రాలేదు. నా లెక్క ప్రకారం అతను పంజరం వైపు మనిషి!

3

ఇప్పుడు చరిత్రకు వద్దాం.

పిట్టల పోషణ రాచరికపు వినోదంగా యెంత పెద్దదో చెప్పడానికి అబుల్ ఫజల్ 'అయినె అక్బరీ' చాలు. అక్బరు దగ్గర యిరవై వేలకు పైగా పావురాలుండేవని అతను రాశాడు. పావురాలను ఎగరేసే ఆటకు 'ఇష్క్‌బాజీ' అని పేరు. ఆ సరదా దక్కనుకూ వచ్చింది. హైదరాబాదు పాతబస్తీ మిద్దెల మీద సాయంత్రంపూట ఈలలు వేసి పావురాల గుంపులను తిప్పే కబూతర్‌బాజీ నవాబుల కాలం పోయినా పోలేదు. చార్మినార్‌కు దగ్గర్లోని మహబూబ్ చౌక్‌లో 1892 నాటి గడియార స్తంభం వుంది. ఆ చుట్టుపక్కల బజారుకు జనం పెట్టుకున్న పేరు ముర్గీ చౌక్. కోళ్ళతో మొదలుపెట్టి పావురాలు, చిలుకలు, రంగుపిట్టల దాకా అమ్మిన చోటు అది.

బజారులో పంజరం ముందు నిలబడినవాడికి కనిపించేది చివరి మజిలీ మాత్రమే. దాని వెనుక ఒక గొలుసు వుంది. మొదట పట్టేవాడు. అతని పరికరాలు వల, ఉచ్చు, మర్రిపాలతోనో రావిపాలతోనో కాచిన జిగురు పూసిన పుల్లలు. వీటన్నిటికంటే ముఖ్యమైనది సాదుపిట్ట. మచ్చిక చేసిన పిట్టను కట్టేస్తే అది అరుస్తుంది. ఆ అరుపు విని తక్కిన పిట్టలు దిగుతాయి. దీన్నే మన పాత కవులు 'దీమము' అన్నారు. వేట వర్ణనల్లో దీమపు మృగాలు, దీమపు పిట్టలు మనకు పరిచితమే. ఏ పిట్ట యే వేళకు నీటికి దిగుతుంది, యే గింజకు వస్తుంది, గాలి యెటు వీస్తే వల యెటు తిప్పాలి అన్న జ్ఞానం తండ్రి నుంచి కొడుక్కు నోటిమాటగా వచ్చింది.

తర్వాత మోత. పిట్టల వ్యాపారంలో కష్టమంతా యిక్కడే వుంది. పూరేళ్ళను, కౌజులను పెట్టే బుట్ట పొట్టిగా వుండాలి. ఎత్తుగా వుంటే బెదిరి పైకెగిరి తల పగలగొట్టుకుంటాయి. బుట్ట మీద గుడ్డ కప్పాలి. చీకటైతే పిట్ట సద్దుమణుగుతుంది. కాని గాలి ఆడాలి. ఎండ పూట నడవకూడదు. ఒకే బుట్టలో యెక్కువ కుక్కితే కిందివి నలిగిపోతాయి. తక్కువ పెడితే మోత కూలి దక్కదు. పట్టేవాడి చేతి నుంచి దళారికి, దళారి నుంచి పట్నం షావుకారుకు చేరేలోపల చచ్చేవి చావగా మిగిలిన వాటి మీదే ధర కడతారు. చచ్చిన పిట్ట నష్టం యెవరిదన్న ప్రశ్నకు మన పల్లెల్లో పండ్ల వ్యాపారంలోనూ, చేపల వ్యాపారంలోనూ వచ్చే జవాబే యిక్కడా వస్తుంది. ముందు బయానా తీసుకున్నవాడిదే నష్టం.

1990లలో అబ్రార్ అహ్మద్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వుత్తర భారతంలో ఈ వ్యాపారాన్ని బజారు బజారూ తిరిగి పరిశీలించాడు. 1997లో దాన్ని ప్రచురించాడు. మన దేశంలో వున్న సుమారు 1,200 పక్షిజాతుల్లో దాదాపు నాలుగో వంతు యేదో ఒక రకంగా అమ్మకానికి వస్తున్నట్టు ఆయన పరిశీలనలో తేలింది. మామూలు పిట్టలకు రంగులు వేసి అరుదైన పిట్టలుగా అమ్మడం కూడా ఆయన నమోదు చేశాడు. ఇటువంటి పని ఒక శాస్త్రజ్ఞుడు చేశాడు. కథకుడు చేయలేదు.

మరి పట్టేవాళ్ళు యెవరు? 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గురించి వేసిన ఏడు సంపుటాల్లో 'కురువిక్కారన్' అన్న శీర్షిక వుంది. అరవంలో కురువి అంటే పిట్ట. పిట్టలవాళ్ళన్న మాట. తెలుగునాట వాళ్ళు నక్కలవాళ్ళు. మరాఠీ ప్రాంతంలో పార్ధీలు. 'పారధ్' అంటే వేట. తెలంగాణ పల్లెల్లో పిట్టలోళ్ళు. వీరందరూ ఒకే కులం కాదు. భాషలు వేరు, దేవతలు వేరు. బతుకు ఒక్కటే. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పార్ధీల వంటి సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం పోలీసుల కళ్ళల్లోనూ, వూరి పెద్దల కళ్ళల్లోనూ మిగిలిపోయింది. నక్కల, కుర్వికరన్ పేర్లు మన షెడ్యూల్డు తెగల జాబితాలో చేరడానికి 2003 దాకా పట్టింది. తమిళనాట 2023 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక్కడ మన జానపద కళలోని ఒక సంగతి గమనించాలి. పిట్టలదొర. తుపాకి రాముడని కూడా అంటాం. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని జమీందారీల గురించి, కొట్టని పులుల గురించి కోతలు కోస్తాడు. జనం కడుపుబ్బ నవ్వుతారు. మనం దీన్ని హాస్యకళ అని పిలిచి వూరుకున్నాం. పిట్టలు కొట్టి బతికిన కులం మనిషి, షికారుకు వచ్చే దొర వేషం వేసి, అదే దొరను అవహేళన చేస్తున్నాడు. దొర కొడితే అది షికారు. పిట్టలోడు కొడితే అది దొంగతనం. ఈ తేడాను లిఖిత సాహిత్యం పట్టించుకోనప్పుడు పిట్టలదొర పట్టించుకున్నాడు. నా దృష్టిలో పిట్టల వ్యాపారం మీద తెలుగులో వచ్చిన మొదటి వర్గ విమర్శ అదే. అది అచ్చు కాలేదు గనుక మనం చదవలేదు.

4

పిట్టలను పెంచి అమ్మడం అంతా విలాసమేనా? ప్రపంచ చరిత్ర చూస్తే కాదనిపిస్తుంది. ఇంగ్లండులోని నారిచ్ పట్టణం కెనరీ పిట్టలకు పేరు. వాటిని పెంచి పేరు తెచ్చింది అక్కడి నేతగాళ్ళు. పదహారో శతాబ్దంలో మత హింసకు తట్టుకోలేక ఫ్లాండర్స్ నుంచి వలస వచ్చిన నేతపనివాళ్ళు ఆ పిట్టలను వెంట తెచ్చారని అక్కడ చెప్పుకుంటారు. మగ్గం పక్కన పంజరం. జర్మనీలోని హార్జ్ కొండల్లో గని కార్మికుల కుటుంబాలు కెనరీలను పెంచి, పాట నేర్పి అమ్మాయి. అది వాళ్ళకు రెండో కూలి. బొగ్గు గనుల్లో విషవాయువును పసిగట్టడానికి దించింది కూడా కెనరీనే. బ్రిటన్ గనుల్లో ఆ పద్ధతి 1986 దాకా నడిచింది. ఐరోపాలో పిట్టల ప్రదర్శనలు, అమ్మకపు సంతలు ఈ శ్రామిక వాడల నుంచి కూడా పుట్టాయి. అక్కడ పిట్ట పెంచేవాడికి సంఘం వుంది, పోటీ వుంది, బహుమతి వుంది. మన పిట్టలవాడికి వీటిలో యేదీ లేదు.

ఇప్పుడు మన పట్నాల్లో ఆదివారాలు జరిగే రంగుపిట్టల అమ్మకాలు ఆ ఐరోపా సరదాకు వారసత్వమే. మనం 'లవ్ బర్డ్స్' అని పిలిచే చిన్న ఆకుపచ్చ, పసుపుపచ్చ పిట్టలు నిజానికి ఆస్ట్రేలియావి. వాటి పేరు బడ్జరిగర్. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. బడ్జరిగర్లను 1840లో జాన్ గూల్డ్ ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు. 1960 నుంచి ఆస్ట్రేలియా తన పక్షుల ఎగుమతిని నిలిపివేసింది. కాబట్టి మిర్యాలగూడలోనో సూర్యాపేటలోనో పంజరంలో కనిపించే బడ్జరిగర్ యే అడవినీ యెరగదు. తరతరాలుగా పంజరంలోనే పుట్టి పంజరంలోనే గుడ్డు పెట్టిన సరుకు అది. అట్టపెట్టెకు కంతలు పెట్టి, లోపల కొర్రలు చల్లి, బస్సులో ఒడిలో పెట్టుకుని తీసుకుపోయే మధ్యతరగతి తండ్రిని యెవరూ నిలదీయరు. నిలదీయాలని నేనూ అనడం లేదు. అదే బస్సులో బుట్ట కింద పెట్టుకుని ముడుచుకుని కూర్చున్న పిట్టలోణ్ణి మాత్రం కండక్టరు దగ్గర నుంచి అందరూ అడుగుతారు, బుట్టలో యేముందని.

5

చట్టం కథ కూడా చెప్పుకోవాలి. 1887లో, తర్వాత 1912లో బ్రిటిష్ ప్రభుత్వం అడవిపిట్టల రక్షణకు చట్టాలు చేసింది. 1902లో పిట్టల యీకల ఎగుమతిని నిషేధించింది. ఐరోపా దొరసానుల టోపీల కోసం కొంగల యీకలు ఓడలెక్కుతున్న కాలమది. స్వాతంత్ర్యం తర్వాత 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ప్రాణిని యిరుకుగా కుక్కి మోయడం దాని కింద నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని కింద కొన్ని పిట్టల వ్యాపారం అనుమతులతో సాగింది. 1976లో మన దేశం అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒడంబడికలో చేరింది. 1990-91లో దేశవాళీ అడవిపిట్టల వ్యాపారం మొత్తం నిషిద్ధమైంది. 2022 సవరణ శిక్షలు పెంచింది. జరిమానా పరిమితి యిరవై అయిదు వేల నుంచి లక్ష రూపాయలైంది. రామచిలుక యిప్పుడు మరింత గట్టి రక్షణ గల జాబితాలో వుంది.

నిషేధం తప్పని నేను అనను. అనలేను. పట్టిన పిట్టల్లో యెన్ని దారిలోనే చస్తాయో తెలిసినవాడు ఆ వ్యాపారాన్ని సమర్థించలేడు. నేను అడిగేది వేరు. ఒక వృత్తిని ఒక్క కలంపోటుతో నేరంగా మార్చినప్పుడు ఆ వృత్తి మీద బతికినవాడికి బదులు యేం చూపించాం? రాతలో పునరావాసం వుంటుంది. గుడారాల దగ్గరకు పోయి చూస్తే ప్లాస్టిక్ పూసలు, పిన్నీసులు, ఆటబొమ్మలు అమ్ముకుంటున్న ఆడవాళ్ళు కనపడతారు.

మరోవైపు విదేశీ పిట్టల వ్యాపారం 'హాబీ' పేరుతో గౌరవం సంపాదించుకుంది. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నియమావళి వచ్చింది. నమోదు చేసుకోవాలి, పంజరం కొలతలు పాటించాలి. నమోదు కాగితం నింపగలవాడికి అది దారి చూపింది. అదే పని, పిట్టను పట్టుకుని డబ్బుకు అమ్మడం, ఒకడికి వ్యాపకం, మరొకడికి కేసు. పిట్ట జాతి వేరన్నది చట్టం చెప్పే కారణం. మనిషి జాతి వేరన్నది బజారులో కనిపించే వాస్తవం.

పాలపిట్ట సంగతే చూడండి. దసరానాడు పాలపిట్టను చూడటం మంచిదని మన నమ్మకం. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను యెన్నుకుంది. పాలపిట్ట పొలాల మీద తీగె మీద కూర్చునే పిట్ట. పట్నంలో జమ్మిపూజకు వచ్చేవాడికి పొలం లేదు. అందుకని పాలపిట్టనే పంజరంలో గుడి దగ్గరకు తెస్తారు. డబ్బు యిచ్చి చూడాలి. కాళ్ళు కట్టి, రెక్కలు బిగించి తెచ్చిన పిట్టలను అటవీ శాఖవాళ్ళు, జంతు సంక్షేమ సంఘాలవాళ్ళు పట్టుకుంటారు. పత్రికల్లో ఫొటో వస్తుంది. తెచ్చినవాడి మీద కేసు. డబ్బిచ్చి కళ్ళకద్దుకున్న భక్తుల మీద యేమీ లేదు. కొనేవాడు లేకుండా అమ్మేవాడు వుంటాడా?

2024 ఏప్రిల్‌లో తమిళనాడులోని కడలూరు దగ్గర ఒక చిలకజోస్యుడి చిలుక ఎన్నికల అభ్యర్థి గెలుస్తాడని కార్డు తీసింది. ఆ వార్త వ్యాపించిన వెంటనే అటవీ శాఖ ఆ జోస్యుణ్ణి అదుపులోకి తీసుకుంది. అన్నాళ్ళూ రోడ్డు పక్కనే వున్న పంజరం ఆ రోజే కనపడింది. రెండు దశాబ్దాల క్రితం నా కవితలో చోటు దొరకని ఆ చిరుగు చొక్కా మనిషి నాకు మళ్ళీ గుర్తొచ్చాడు.

2015లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో పక్షులకు ఆకాశంలో ఎగిరే హక్కు వుందని, వాటిని పంజరాల్లో పెట్టి వ్యాపారం చేసే హక్కు మనుషులకు లేదని అభిప్రాయపడింది. వినడానికి హాయిగా వుంటుంది. అయితే పంజరం ఖాళీ అయిన తర్వాత పంజరం అల్లినవాడి హక్కు యేమిటన్న ప్రశ్న మిగిలే వుంది.

6

పట్టేవాడి జ్ఞానం విలువ యెంతో చెప్పడానికి మన నేల మీదే ఒక వుదాహరణ వుంది. 1931-32లో సలీం అలీ హైదరాబాదు రాజ్యంలోని పక్షులను సర్వే చేశారు. రాజ్యాల వారీగా ఆయన చేసిన సర్వేల్లో అది మొదటిది. అప్పటికే ఒక పిట్ట జాడ పోయి మూడు దశాబ్దాలైంది. అది కలివికోడి. 1848లో జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన ఆ పిట్ట 1900 తర్వాత కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మళ్ళీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతూ వచ్చిన శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ స్థానిక వేటగాళ్ళనే అడిగాడు. అది రాత్రిపూట తిరిగే పిట్ట అని వాళ్ళకు తెలుసు. ఐతన్న అనే వేటగాడు రాత్రి దీపపు వెలుగులో దాన్ని చేత్తో పట్టాడు. ఎనభై ఆరేళ్ళ వెతుకులాట ఒక పిట్టలవాడి చేతిలో ముగిసింది.

పట్టిన ఆ పిట్ట యెక్కువ రోజులు బతకలేదు. కాని దాని మూలంగా లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. పిట్టకు ఇంగ్లీషులో మొదట కనుక్కున్న ఆంగ్లేయుడి పేరు వుంది. ఐతన్న పేరు పక్షిశాస్త్రం చదివినవాళ్ళకు తెలుసు. తెలుగు రచయితలకు యెంతమందికి తెలుసు? కలివికోడి మీద కవితలు రాయగల మనం ఐతన్న మీద ఒక కథ రాయలేమా?

రాయడానికి మనకు దారి లేకపోలేదు. జాషువా 1941లో 'గబ్బిలం' రాసినప్పుడు హంసలను, చిలుకలను వదిలి, యెవరూ కొనని, యెవరూ పెంచని ప్రాణిని దూతగా తీసుకున్నాడు. సందేశం పంపేవాడు ఆకలిగొన్న అస్పృశ్యుడు. పక్షి కావ్యాల సంప్రదాయంలో మాట్లాడే మనిషిని మార్చిన ఘట్టమది. రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధం యెవరిని నేరస్థుల్ని చేసిందో, ఆ నేరం మీద యెవరు బతికారో చూపించాడు. వన్యప్రాణి చట్టానికి అటువంటి కథ యింకా రాలేదు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడి అడవి జ్ఞానాన్ని వింతగా కాక పనితనంగా చూపించాడు. ఈ మూడింటినీ కలిపి చదువుకున్న యువ రచయితకు పిట్టలవాడు వేటగాడుగానో, క్రూరుడుగానో, అమాయకుడుగానో కనపడడు. పని తెలిసి, పని పోగొట్టుకున్న మనిషిగా కనపడతాడు.

7

చివరగా మా త్రిపురారం మాట.

1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మా మెట్టను మాగాణి చేశాయి. మిర్యాలగూడలో రైసుమిల్లులు లేచాయి. కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం వచ్చింది. జొన్నచేలలో, తంగేడు పొదల్లో తిరిగే పూరేళ్ళు, కౌజులు తగ్గిపోయాయని మా పెద్దలు చెబుతారు. వరికంకుల మీద వాలే చిన్న పిట్టలు, మిల్లుల చుట్టూ పావురాలు పెరిగాయి. ఈ మార్పులో రైతు లాభపడ్డాడు. అది మంచిదే. కాని మెట్టతో పాటు మెట్టపిట్ట పోయింది. మెట్టపిట్టతో పాటు దాన్ని పట్టేవాడి బతుకూ పోయింది. చట్టం రాకముందే కాలువ అతణ్ణి సగం ఖాళీ చేసింది. మన ప్రాజెక్టుల సాహిత్యంలో మునిగిన వూళ్ళున్నాయి, పచ్చబడిన చేలున్నాయి. ఈ మనిషి లేడు.

ఇప్పుడు మా వూళ్ళలోకి సైకిలు మీద గంప కట్టుకుని రంగు కోడిపిల్లలు అమ్మేవాడు వస్తాడు. గుడ్ల కోసం పెంచే కోళ్ళ జాతిలో పుట్టిన పుంజుపిల్లలు పౌల్ట్రీవాళ్ళకు దండుగ. గుడ్లు పెట్టవు, మాంసానికీ యెదగవు. వాటికి గులాబి, ఆకుపచ్చ రంగులు ముంచి పాత యినుముకో, తలవెంట్రుకలకో యిస్తారు. పిల్లలు ఆశగా తీసుకుంటారు. వాటిలో చాలా భాగం నాలుగు రోజులకే చస్తాయి. ఒకసారి మా బడి గేటు ముందు ఆగిన మనిషిని అడిగాను, నీ కులపు పని యేమిటని. "ఎనకట పిట్టలు వట్టెటోళ్ళం సారూ" అన్నాడు. అడవిపిట్టను పట్టడం మానేసి, పరిశ్రమ పారేసిన పిట్టను మోస్తున్నాడు. పిట్ట మారింది, గంప మారలేదు.

పిల్లలు వుంటే బడికి పంపమని అతనికి చెప్పాను. "పంపుత సారూ, ఒక్క కాడ ఉంటెగద" అన్నాడు. నా దగ్గర దానికి జవాబు లేకపోయింది.

మిత్రలాభం కథ నేనిప్పటికీ చెబుతున్నాను. మంచి కథ గనుక మానలేదు. కాని చెప్పే ముందు నల్లబల్ల మీద వల గీస్తాను. నాలుగు కొసలకూ మేకులు గీస్తాను. దీన్ని పన్నడం యెవరికి తెలుసో పిల్లలను అడుగుతాను. ఆ తర్వాతే పావురాలను లేపుతాను.